గీత ఆపే ముందు

చిక్కడపల్లిలో గుండెజబ్బుల అధ్యయనానికి గణాంకాలు చూసే విద్యావతి, ఫోన్లో రోగి గొంతు వినబడగానే ఆ మనిషే ఎదురుగా వచ్చినట్టు లేచి నిలబడుతుంది. ఏళ్ల తరబడి గమనిస్తున్న ఒక్కో రోగికీ ఆమె కంప్యూటర్లో ఒక గీత; మనిషి బతికున్నట్టు తెలిసిన రోజు దాకా అది సాగుతుంది. మనిషి ఆచూకీ దొరక్కపోతే, చివరిసారి కనిపించిన రోజు దగ్గరే గీత ఆపేయాలి, పద్ధతి అదే. ఆపబుద్ధికాక ఆమె వీధుల్లో వెతుకుతుంది. నిన్న అలాగే సత్తవ్వ అనే రోగిని నారాయణగూడ మార్కెట్లో కరివేపాకు అమ్ముతుండగా పట్టుకుంది.

"నేను సచ్చిన అనుకున్నవా ఏంది బిడ్డా?"

"ఏడాది సంది ఫోనెత్తవైతివి కదవ్వా, పరేషాన్ అయిన."

"సిమ్ము మార్చిన. జర కూసో, చాయ్ చెప్త."

బస్తా మీద కూర్చుని గుండె సంగతి, మందుల సంగతి అడిగింది విద్యావతి. ఈ పొద్దున ఆఫీసుకు రాగానే సత్తవ్వ గీతను నిన్నటిదాకా లాగింది. తెరమీద దాని ముందు ఇంకా బోలెడు జాగా ఉంది.