గీత దాటిన పసుపు

ఊరి మ్యాపులు గీసే ఆఫీసులో ఆయన్ని అందరూ పెన్సిల్ బాబాయి అనేవారు. మ్యాపులో పసుపు వీధుల్లో స్థలానికి ఒక్క ఇల్లే కట్టాలి, నారింజ వీధుల్లో నాలుగు వాటాలు వేసుకోవచ్చు. ఆ రంగులన్నీ ఆయన చేతివే. రంగు వెంట్రుకవాసి గీత దాటినా కొత్తవాళ్ల దుంప తెంచేవాడు మహానుభావుడు.

ఆ చెయ్యి కూడా ఒకసారి జారింది. చేరిన ఏడాదే, కాలువ దగ్గర ఆగాల్సిన పసుపు బడి సందులోకి పాకింది. చూసుకునేలోపే సంతకం, ముద్ర పడిపోయాయి. బాబాయి నోరు మెదపలేదు.

ఆ బడిలో వంట చేసేది ఆయన చెల్లెలే. ఆ సందులో మేడమీద వాటాలు అక్రమమంటూ నోటీసు వచ్చినప్పుడల్లా మూటాముల్లె సర్దుకుని, బడికి దగ్గరని అదే సందులో మరో మేడ వెతుక్కునేది. “రూలమ్మా, ఏం చేస్తాం” అనేవాడు అన్నగారు, నేల చూపులు చూస్తూ.

ఈమధ్య ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. సామాన్యులకు ఇళ్లు దొరకాలని, బడుల చుట్టూ ఉన్న పసుపు వీధులన్నీ నారింజ చేయమంది. ఏ వీధిది ఏ రంగో రాసి ఉంచిన పాత రిజిస్టరు చూసి జాబితా రాశారు. అందులో ఆ సందు లేదు. రిజిస్టరులో అది మొదటినుంచీ నారింజే మరి! తప్పు మ్యాపుది. తనిఖీవాళ్లు చూసేది మ్యాపునే.

చెల్లెలికి మళ్లీ నోటీసు వచ్చింది, నెలాఖరుకి ఖాళీ చేయాలని. బాబాయి రిటైర్మెంటుకి రెండు నెలలుంది. నోరు విప్పితే ముప్పై ఏళ్ల మంచిపేరు మట్టికొట్టుకుపోతుంది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు మ్యాపు, రిజిస్టరు పట్టుకెళ్లి ఆఫీసరమ్మ ముందు పరిచాడు.

“తప్పు నాదేనమ్మా.”

ఆవిడ రెండూ పోల్చి చూసింది. “మీరా బాబాయ్!” అంది. రిజిస్టరు మూసి, “మీరే సరిచేయండి. సవరణకు కారణం నేను రాస్తాను” అంది. నోటీసు రద్దయింది. సాయంత్రానికి సంగతి ఆఫీసంతా పాకింది.

అసలు గండం చెల్లెలి వంటింట్లో ఉంది. గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాడు.

ఆమె గరిటె కింద పెట్టింది. “ఏడు ఇళ్లు మారాను అన్నయ్యా.”

బాబాయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కంచం పెట్టింది.

“ఇంటి ఓనరు పక్కన ఇంకో వాటా వేద్దామని ఎప్పటినుంచో అంటున్నాడు, ఇప్పుడు వేసుకోవచ్చుగా. రిటైరయ్యాక అందులోకి వచ్చేయ్.”

“నేనా? ఎందుకే?”

“నీకు ఏడు ఇళ్ల తిట్లున్నాయి. ఒక్కరోజులో అయ్యేవి కావు.”