మధ్యలో ఆకు

దయ్యాల కథలు చాలా చదివాను. ఒక్కటీ నమ్మలేదు. మా అక్క పోయాక, ఒక్కసారి కనిపిస్తే బాగుండునని కోరుకున్న రోజుల్లో కూడా నమ్మలేదు.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. తొంభైల మొదట్లో అక్క గుండెకి రెండోసారి ఆపరేషన్ చేశారు. మొదటి ఆపరేషన్ తర్వాత గుండె రొమ్ము ఎముకకి అంటుకుపోయిందట. ఎముక కోస్తుంటే గుండె చిరిగింది. అక్క ఇంటికి రాలేదు.

వేసవిలో మామిడి తాండ్ర పోసేది అక్కే. ముక్కలు డబ్బాలో సర్దేటప్పుడు మధ్యమధ్య ఎండిన అరిటాకు నాచేత వేయించేది. "ఆకు వెయ్యవే, అంటుకుపోద్ది" అని నన్ను కసిరేది. ఆమె పోయాక మేం తాండ్ర పొయ్యడం మానేశాం.

తర్వాత నాకు శ్రావణి పుట్టింది. పుట్టుకతోనే గుండెలో లోపం. అయిదేళ్లప్పుడు హైదరాబాదులో ఆపరేషన్ అన్నారు. లోపల చిన్న గొట్టం వేస్తారట. పిల్ల ఎదిగాక అది మార్చడానికి మళ్లీ తెరవాలట. ఆ "మళ్లీ" దగ్గరే నాకు అక్క గుర్తొచ్చింది.

ఆపరేషన్ రోజు పొద్దున సర్జన్‌గారు చూడ్డానికి వచ్చారు.

"మూసేముందు ఆకు వేస్తారాండీ?" అని అడిగింది పాప.

"వేస్తాం తల్లీ. పప్పూ నెయ్యీ కూడా వేస్తాం," అని నవ్వారాయన.

"అన్నానికి కాదండీ. గుండెకీ ఎముకకీ మధ్యలో. లేపోతే తాండ్రలా అంటుకుపోద్దంట."

"ఎవరు చెప్పారు?"

"పెద్దమ్మ."

ఆయన నా వంక చూశారు. వాళ్ల పెద్దమ్మ ఈ పిల్ల పుట్టకముందే పోయిందని చెప్పాను. ఎలా పోయిందో కూడా చెప్పాను. పాపకి మాత్రం జ్వరమొచ్చి పోయిందనే చెప్పి ఉంచాం.

ఆయన పాప కేసుషీటు తెరిచి ఏదో రాసుకున్నారు. అంటుకోకుండా మధ్యలో పరిచే పలచటి పొర ఉందనీ, ప్యాచ్ అంటారనీ, అందరికీ వాడరనీ, ఈ పాపకి వేస్తాననీ అన్నారు. వేశారు.

ఇంట్లో అందర్నీ అడిగాను. ఎవరూ చెప్పలేదన్నారు. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే వినుంటుందని మా ఆయన అన్నారు. కావచ్చు. కానీ ఆ ఆకు సంగతి నేను పెళ్లయ్యాక ఎవరి దగ్గరా ఎత్తలేదు.

శ్రావణి హైస్కూల్లో ఉండగా మళ్లీ తెరిచారు. థియేటర్ బయట నేను అక్క గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. అదే సర్జన్‌గారు బయటికి వచ్చి, "అంటుకోలేదమ్మా. గుండె విడిగా ఉంది. మీ అక్కగారి ఆకు పనిచేసింది," అన్నారు.

పిల్ల కోలుకున్నాక అడిగాను.

"నేనలా అన్నానా? ఏ ఆకమ్మా?" అంది.

దానికి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. ఆ వేసవిలో మాత్రం మా ఇంట్లో మళ్లీ తాండ్ర పోశాం.