మరిగే నూనె, కరగని కోడి

యులీస్ షెరమీకి ఒక జబ్బుంది. ఎదుటివాడు చేయబోయే తప్పు చేయకముందే కనిపించేస్తుంది. రొయ్యల పడవల ఇంజన్లు బాగుచేసి బతికిన మనిషికి అది అక్కరకొచ్చే గుణమే. శబ్దం విని ఏ గొట్టం పగులుతుందో చెప్పేవాడు, చెప్పినట్టే పగిలేది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పగిలిన గొట్టం పక్కన నిలబడి, "ముందే చెప్పానా లేదా?" అని అడిగితే గానీ ఆయనకు తిన్నది అరిగేది కాదు. పడవల వాళ్ళు పని చేయించుకునేవారు, దండం పెట్టేవారు, కాఫీకి మాత్రం పిలిచేవారు కాదు.

ఆ ప్రశ్నే ఆరేళ్ళ కిందట సొంత తమ్ముణ్ణి దూరం చేసింది.

ఆ ఏడు థాంక్స్ గివింగ్ పండుగ నాడు వాన. ఆ పూట టర్కీ కోడిని ఆరుబయట నూనెలో నిలువునా వేయించడం ఆ ఊరి ఆనవాయితీ. యులీస్ వాన తగ్గేదాకా పొయ్యి వెలిగించనని కూర్చున్నాడు. తమ్ముడు ఎలోయ్‌కి అంత ఓపిక లేదు. కారు నిలిపే రేకుల పందిరి కింద, ఇంటి గోడకు ఆనించి గ్యాసు పొయ్యి పెట్టి, కుండ నిండా వేరుశనగ నూనె పోసి కాచాడు. యులీస్ తడుస్తూ వెళ్ళి, వద్దురా, పందిరి కింద వద్దు, నూనె ఎక్కువైంది, అని మొత్తుకున్నాడు. ఎలోయ్ వినలేదు. కోడిని దించగానే నూనె పొంగింది, పొంగిన నూనె మంటను అందుకుంది, మంట పందిరిని అందుకుంది. ఎలోయ్ భార్య మిర్టిస్ కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

ఆసుపత్రి వరండాలో, ఊరివాళ్ళందరి ముందు, తల పట్టుకుని కూర్చున్న తమ్ముణ్ణి యులీస్ అడిగాడు. "ముందే చెప్పానా లేదా?"

ఎలోయ్ తలెత్తి చూసి, లేచి అవతలికి వెళ్ళిపోయాడు. అంతే. అన్నదమ్ముల ఇళ్ళు బాయూ కాలువ ఒడ్డున ఒకే వీధికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి. కాలువలో ఎలోయ్ పడవ అన్న ఇంటి ముందు నుంచే పోయేది. పోయేటప్పుడు అతను అవతలి గట్టు కేసి చూస్తూ నడిపేవాడు. యులీస్ రేవులో నిలబడి, ఆ ఇంజను దగ్గు వింటూ, దానికేం జబ్బో తెలిసి కూడా చెప్పలేక లోలోపల కుమిలిపోయేవాడు.

ఈ ఏడు పండుగ పూట ఎండ కాసింది. ఆ వీధిలో టర్కీ కోళ్ళు వేగేది యులీస్ పెరట్లోనే. ఇంటింటికీ నూనె కాచుకోవడం దండగ కాబట్టి తలా కాస్త నూనె తెచ్చి ఒకే కుండలో పోస్తారు, తలా ఒక కోడి తెస్తారు, వరసలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. పండుగ నాడు గుమ్మంలోకి వచ్చిన కోడిని వెనక్కి పంపకూడదని వీధిలో కట్టుబాటు. పంపితే కోడిని కాదు, తెచ్చిన మనిషిని పంపినట్టు.

పొయ్యి ఇంటికి దూరంగా, దగ్గర్లో చెట్టూ కంచే లేని చదును నేల మీద ఉంది. నీళ్ళ గొట్టాన్ని యులీస్ పెరట్లోంచే తీయించేశాడు, కంగారులో ఎవరైనా నూనె మీద నీళ్ళు కొడతారని. ప్రతి కోడినీ ముందు తన చేత్తో తడిమి, పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచి, గ్యాసు ఆపేసి, కొక్కేనికి తగిలించి మెల్లగా దించేవాడు. నురగ అణిగాకే మళ్ళీ వెలిగించేవాడు. ఒక్కో కోడికీ ఇదే తంతు.

"పెళ్ళికూతుర్ని పల్లకీలోంచి దించుతున్నావేంట్రా?" అంది తెల్మా. వీధిలో అందరికంటే పెద్దావిడ, మొదటి వంతు ఆవిడదే. తన కోడి వేగిపోయినా కుర్చీ వదలకుండా అందరినీ ఆడిపోసుకుంటూ కూర్చుంది. "ఈ లెక్కన క్రిస్మస్‌కి తింటాం."

యులీస్ నవ్వబోయి ఆగిపోయాడు. ఎలోయ్ బండి పెరట్లోకి తిరుగుతోంది.

కబుర్లు ఉన్నపళంగా ఆగిపోయాయి. ఎలోయ్ దిగి, వెనక నుంచి పెద్ద తొట్టి దించుకుని వచ్చాడు. అందులో కోడి, అన్ని కోళ్ళకంటే పెద్దది. మిర్టిస్ బండి దిగలేదు. అద్దం ఎత్తేసుకుని పొయ్యి వైపే చూస్తోంది. ఆ అగ్నిప్రమాదం తర్వాత గ్యాసు పొయ్యి హోరు వినబడితే ఆమె కాళ్ళు ఆడవని యులీస్ భార్య ఓడెల్ ఎవరి ద్వారానో విని, చెప్పి ఏడ్చింది ఒకసారి.

"వరస ఉందా?" అన్నాడు ఎలోయ్. ఎవర్ని అడుగుతున్నాడో తెలియకుండా గాలిలోకి అడిగాడు.

"ఉంది," అన్నాడు యులీస్. ఆరేళ్ళలో అన్నదమ్ముల మధ్య అదే మొదటి మాట. "ఇలా పెట్టు."

బల్ల మీద పెట్టాడు. మసాలా నీళ్ళు సూదితో ఎక్కించిన గుర్తులు చర్మం మీద కనిపిస్తున్నాయి. ఎప్పుడు లేచి చేశాడో పాపం, అనుకున్నాడు యులీస్, గుండె నిండిపోయింది. గుడ్డ చుట్టిన చెయ్యి కోడి లోపలికి పెట్టాడు. రెండు వేళ్ళ మేర మెత్తగా ఉంది. ఆ తర్వాత వేళ్ళకు రాయిలా గట్టిగా తగిలింది. కొట్టువాళ్ళు కోడి లోపలే పెట్టి అమ్మే, మెడా కార్జమూ ఉన్న కాగితం సంచి ఎముకలకు అతుక్కుని గడ్డకట్టి ఉంది, దాని చుట్టూ ఐసు.

యులీస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ కోడి నూనెలోకి దిగితే ఏమవుతుందో ఆయనకు ఎదురుగా జరుగుతున్నట్టే కనిపించింది. ఐసు ఆవిరై నూనెను కుండలోంచి బయటికి తన్నేస్తుంది. పైగా ఇంత కోడికి కుండలో చోటే చాలదు. వద్దంటే? ఊరంతా చూస్తుండగా తమ్ముడి తప్పు మళ్ళీ ఎత్తిచూపినట్టు. ఈసారి వెళ్ళిపోతే ఎలోయ్ ఇక రాడు, తను చచ్చినా చూడడానికి రాడు.

"బాగా పెద్దదిరా ఇది," అన్నాడు చివరికి. "కాసేపు చన్నీళ్ళలో ఉంచుదామా?"

"ఎందుకు?"

"ఊరికే. ఈలోపు మిగతావాళ్ళవి అయిపోతాయి."

ఎలోయ్ అన్న కేసి తిరిగాడు. "అందరి కోళ్ళూ దిగాయి కదా నీ నూనెలో. నాదొక్కటే పనికిరాదా?"

"అలా అన్నానా?"

"అనకపోతే నాకు తెలీదా? నీ మొహం నాకు కొత్తా?" ఎలోయ్ కొక్కెం లాక్కున్నాడు, కోడికి తగిలించాడు. "నువ్వు జరుగు. నేనే దించుకుంటా."

రెండు చేతులతో కోడిని పైకెత్తి కుండ వైపు నడిచాడు. వరసలో ఉన్నవాళ్ళు వెనక్కి తగ్గారు. యులీస్ ఒక్క అంగలో సిలిండర్ దగ్గరికి వెళ్ళి గ్యాసు కట్టేశాడు. హోరు ఆగిపోయింది. మంట పోయినా నూనెకు వేడి పోదు. అది పైకి ప్రశాంతంగా, సన్నగా వణుకుతోంది. యులీస్ వచ్చి కుండకూ తమ్ముడికీ మధ్య నిలబడ్డాడు.

"జరగవా?"

"జరగను."

"అన్నా, చెప్తున్నా, జరుగు!"

ఎలోయ్ కోడిని అన్న భుజం మీదుగా ముందుకు చాపాడు. దాని లోపలి నుంచి నీటిచుక్కలు రెండు జారి నూనెలో పడ్డాయి. కుండ ఫటఫటమని పేలింది. ఎగిరిన నూనె యులీస్ మణికట్టు మీద పడింది.

"ఎలోయ్!" బండిలోంచి మిర్టిస్ కేక పెట్టింది. అద్దం ఎత్తి ఉన్నా ఆ కేక పెరడంతా వినిపించింది.

ఎలోయ్ రాయిలా నిలబడిపోయాడు. యులీస్ పళ్ళు బిగించి వెనక్కి తిరిగి కుండ మీద మూత పెట్టాడు. తర్వాత తమ్ముడి చేతుల్లోంచి కోడిని అందుకుని బల్ల మీదికి చేర్చాడు. మణికట్టు భగ్గుమంటోంది. నాలుక చివర ఆ పాత ప్రశ్న సిద్ధంగా ఉంది. జీవితంలో ఏ బరువూ ఆపడానికి ఆయన అంత కష్టపడలేదు.

"లోపల చెయ్యి పెట్టి చూడు," అన్నాడు మెల్లగా.

ఎలోయ్ చెయ్యి పెట్టాడు. వేళ్ళు ఆగినచోట అతని ముఖం మారిపోయింది. చెయ్యి తీసి, అన్న కళ్ళలోకి చూడకుండా, "అను," అన్నాడు.

"ఏమనాలి?"

"అదే. అందరూ ఉన్నారుగా. అనెయ్."

వీధి వీధంతా అటే చూస్తోంది. యులీస్ కోడి మీద చెయ్యి వేశాడు.

"ఎక్కడ పెట్టి కరిగించావురా దీన్ని?"

"పడవలో. మూడు రోజులు," అన్నాడు ఎలోయ్. "రొయ్యల ఐసుపెట్టెలో."

తెల్మా పగలబడి నవ్వింది. "ఐసులో పెట్టి కరిగించాడట్రా వీడు! ఒరేయ్, మీ నాన్న కూడా ఇంతే, చేపా కోడీ అన్నీ ఆ పెట్టెలోనే పడేసేవాడు. పడవోళ్ళకి ఇంకో అలమారా ఉంటుందని తెలిస్తే కదా!" వరసలో ఇద్దరు పడవవాళ్ళు తమ కోళ్ళ కేసి అనుమానంగా చూసుకున్నారు.

ఎలోయ్ నవ్వలేదు. కోడిని తొట్టిలో వేసి, తొట్టి ఎత్తుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు యులీస్.

"ఇంటికి."

"వంటింట్లోకి తీసుకురా. ఓవెన్లో పెడదాం. గడ్డకట్టినదైనా ఓవెన్లో ఇబ్బంది లేదు, ఆలస్యమవుతుంది, అంతే. సాయంత్రానికి ఉడుకుతుంది."

"ఓవెన్లోనా!" తెల్మా గుండెలు బాదుకుంది. "షెరమీ వాళ్ళింట్లో ఓవెన్ కోడా! ఉత్తరాదివాళ్ళు తింటారు, ఆ పిప్పిని నీళ్ళు తాగి మింగాలి."

"నువ్వు తినకు తల్లీ, నేను తింటా," అన్నాడు యులీస్. ఆయన చూపు తమ్ముడి మీద నుంచి కదల్లేదు. "సాయంత్రం దాకా పడుతుందిరా. ఉంటారా?"

ఎలోయ్ తొట్టి మోస్తూ బండి దాకా వెళ్ళిపోయాడు. తలుపు మీద చెయ్యి వేశాడు.

అవతలి తలుపు తెరుచుకుంది. మిర్టిస్ దిగింది. కుండకు ఎంత దూరంగా నడవగలదో అంత దూరంగా, కంచె వెంట నడుచుకుంటూ, చల్లారుతున్న ఆ పొయ్యి మీద నుంచి చూపు తిప్పకుండా వంటింటి గుమ్మం చేరింది. ఓడెల్ ఎదురొచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"అక్కా, ఉల్లిపాయలు తరిగారా?" అంది మిర్టిస్. తర్వాత వెనక్కి తిరిగి, "ఏంటి అలా నిలబడ్డారు? పట్రండి దాన్ని," అంది మొగుడితో.

మిగతా కోళ్ళు వేయించి, వీధివాళ్ళను పంపించి యులీస్ వంటింట్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మణికట్టు మీద పొక్కు లేచింది. ఎలోయ్ ఓవెన్ ముందు ఎత్తుపీట మీద కూర్చుని, కోడి లోపలి నుంచి ఎట్టకేలకు కరిగిన కాగితం సంచిని పట్టకారుతో లాగుతున్నాడు. అడుగున ఉల్లిపాయలూ పచ్చ క్యాప్సికమ్ ముక్కలూ కోడి నుంచి కారిన రసంలో మగ్గుతున్నాయి. యులీస్ పక్కనే ఇంకో పీట వేసుకున్నాడు. ఇద్దరూ ఓవెన్ అద్దంలోకి చూస్తూ కూర్చున్నారు.

"ఆ రోజు నువ్వు అన్నది అబద్ధమైతే," అన్నాడు ఎలోయ్, పట్టకారు తుడుస్తూ, "మర్నాడే వచ్చి నీతో కొట్లాడి వెళ్ళేవాణ్ణి. నిజం కాబట్టే రాలేకపోయాను."

యులీస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"నిజమేరా. కానీ ఆ రోజు ఆసుపత్రిలో నీ పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. నేను నిలబడే మాట్లాడాను. కూర్చోవాల్సింది."