పొయ్యిలో చాక్లెట్లు

పెళ్లయ్యాక నాకది మొదటి క్రిస్మస్. మంచిర్యాల దగ్గర బొగ్గుగని కాలనీలో మా అత్తవారిల్లు. సండే స్కూల్ పిల్లలకు పంచాలని కోకో పొడి, పాలపొడి, చక్కెర పాకం కలిపి చాక్లెట్ ఉండలు చేశాను. పళ్లెంలో పెట్టి పెరటి గోడ మీద ఆరబెట్టాను. పక్కనే అత్తమ్మ పొయ్యి కోసం బొగ్గుపొడి, మట్టి కలిపి చేసిన ఉండలు ఆరుతున్నాయి.

తెల్లారి లేచేసరికి మామయ్య నీళ్ల పొయ్యి ముందు కూర్చుని ఉన్నారు. నా పళ్లెం ఖాళీ.

"ఇన్నేండ్లు గనిల పని చేసిన బిడ్డా, గిసొంటి బొగ్గు సూడలే. మండుతలేదు, కరుగుతున్నది. వాసనైతే మంచిగున్నది" అన్నారు.

కొట్టులో బిస్కెట్లు కొని చర్చిలో పంచాను. పిల్లలు అవి తింటూ, పొగ పట్టిన మామయ్య స్వెట్టర్‌ను వాసన చూస్తూ ఆయన చుట్టూనే తిరిగారు.

అత్తవారింట నా వంటకు దొరికిన మొదటి మెప్పు అదే.