ముగ్గుకు విడిచిన జాగా

బొగ్గు దుమ్ముకు మా క్వార్టర్ ముందు గడ్డి ఎప్పుడూ నల్లగానే ఉండేది. అందుకే బాపు ప్లాస్టిక్ గడ్డి తెప్పించాడు. దాని మీద కూర్చుని చదువుకోవచ్చని నేనూ మురిసిపోయాను. గడ్డి పరిచే పనాయన దాని చుట్టను విప్పుతూ గడప దాకా వచ్చాడు. అది అవ్వ రోజూ పేడనీళ్ల సాంపి చల్లి ముగ్గు వేసే చోటు.

"రేపటి సంది ముగ్గేడ ఎయ్యాలె?" అంది అవ్వ.

"దీని మీదనే సాంపి చల్లు, గడ్డి ఏపుగ పెరుగుతది!" అని బాపు నవ్వాడు.

అవ్వ ముఖం చిన్నబోయింది. కొత్తవాళ్లతో మాట్లాడని నేను ఎలాగో పనాయన దగ్గరికి వెళ్లాను.

"అన్నా, గడప ముంగట జర జాగ ఇడువుండ్రి."

ఆయన గడప ముందు కొంత మట్టి నేల విడిచి, గడ్డిని అక్కడికే కోసేశాడు.

తెల్లారి ఆ మట్టిలో పెద్ద ముగ్గు. అవ్వేమో గడ్డి మీద కాళ్లు చాపుకొని చాయ్ తాగుతోంది.

"మెత్తగనే ఉన్నది బిడ్డా, రా," అంది. పుస్తకంతో పక్కనే చేరాను.