పాలు మాన్పించడానికి పార్కుకు పోయాం

మా చిన్నదానికి మూడేళ్లు నిండినా పాలు మానలేదు. అన్నం తింటుంది, వాడలో తనకన్నా పెద్దపిల్లలను కొట్టి వస్తుంది, వచ్చి మళ్లీ నా కొంగు లాగుతుంది. పెండ్లి పందిరైనా, బస్సైనా దానికి ఒకటే. వేపాకు నూరి రాసుకున్నాను. మొహం చిట్లించి, నా కొంగుతోనే తుడిచి, తాగింది. కారం రాసుకొమ్మని పక్కింటామె చెప్తే ఆమె మీదికి లేచాను. బిడ్డ నోట్లో ఎవరైనా కారం కొడతారా?

మా దిక్కు దీనికి ఒక పాత పద్ధతి ఉంది. తల్లిని రెండు రోజులు తల్లిగారింటికి పంపిస్తారు. బిడ్డ నాయనమ్మ పక్కన పడుకుని ఏడ్చి ఏడ్చి ఊరుకుంటుంది. తల్లి తిరిగొచ్చేసరికి పాల సంగతి మరిచిపోతుంది. కానీ నాది మేనరికం. మేనత్త కొడుకునే చేసుకున్నాను. గౌడవెల్లిలో మా అత్తగారిల్లు, తల్లిగారిల్లు ఒకే వాడలో ఎదురుబొదురుగా ఉంటాయి. చిన్నది పొద్దంతా ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతూనే ఉంటుంది. నేను అక్కడ దాక్కుంటే నిమిషంలో పట్టుకుంటుంది. ఊళ్లో ఆడవాళ్లందరికీ అలిగినా, అలిసినా పోవడానికి ఒక తల్లిగారిల్లు ఉంది. నాకు అదీ లేదు.

ఆ మాటే అత్తతో అన్నాను. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి కాబట్టి మా ఇద్దరి మధ్య మాటకు మాట నడుస్తుంది. ఆమె బియ్యం చెరుగుతూ, "తల్లిగారిల్లు కాకపోతే ఇంకెటన్న పో. దాని కండ్లబడకుంటే సాలు" అంది.

మా బావ అక్కడే అన్నం తింటున్నాడు. పెండ్లయి ఎనిమిదేళ్లయినా మొగుణ్ణి నేను బావా అనే పిలుస్తాను. మేడ్చల్‌లో ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పని ఆయనది. తలెత్తకుండానే అన్నాడు: "శామీర్‌పేట దిక్కు కొత్తగ ఆటల పార్కు పెట్టిండ్రు గదా. ఆడ ఉండనీకి రూములు గూడ ఉన్నయంట."

అత్త చాట ఆపింది. "పిల్లలను ఇంట్ల వెట్టి మీరిద్దరు ఉయ్యాల ఊగవోతరా?" అని మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. మళ్లీ చెరగడం మొదలుపెట్టి, "ఊగుండ్రి తియ్యి. నాకు దాని పాలు బందయితే అయిపాయె" అంది.

నేను అప్పటికే ఒప్పేసుకున్నాను. ఎనిమిదేళ్లలో మేమిద్దరమే కలిసి గడప దాటింది లేదు. మా పెద్దోడి గురించి బెంగ లేదు, వాడు అవ్వ, అదే మా అత్త, కలిపిన ముద్ద తప్ప తినడు. అయితే ఒక షరతు పెట్టాను, బావకూ అత్తకూ కలిపి. "రెండు దినాలు నిండకుండ వచ్చేది లేదు. నడిమిట్ల వస్తే, ఏడిస్తే అమ్మ వస్తదని అది నేర్సుకుంటది. ఇగ బ్రహ్మదేవుడొచ్చినా మానది." ఒక పని మొదలుపెడితే వెనక్కి తిరిగే రకం కాదు నేను. మా ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు.

పిల్లలు నిద్ర లేవకముందే బయల్దేరాం. వాకిట్లో అత్త నా చేతిలో ఆకుల్లో చుట్టిన పొట్లం ఒకటి పెట్టింది. "దానికి ఏం జెప్తవ్ అత్తా?" అని అడిగాను. "అది నా పని. నువ్వు ఎన్కకు సూడకుండ పో" అంది. నేను చూడలేదు. స్కూటర్ మేడ్చల్ దాటి, శామీర్‌పేట రోడ్డు మీద ద్రాక్షతోటల మధ్య పోతుంటే బావ నడుము చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను. మా ఊరి పొలిమేరలో ఆ పని ఎన్నడూ చేయలేదు.

రూములో ఆ పొట్లం విప్పింది బావే. మూరలకు మూరలు మల్లెపూల దండ. ఆయన మొహం వెలిగిపోయింది. "మా అమ్మకు ఇంత సోయి ఉన్నదా" అన్నాడు, సిగ్గుపడుతూ. నాకు నవ్వాగలేదు. మంచం మీద కూలబడి నవ్వాను. "ఇవి జడలకు గాదు బావా. రొమ్ములకు కట్టుకుంటరు. పాలు ఎండుతయని" అన్నాను. పాపం, ఆయన కాసేపు కిటికీ బయటికి చూశాడు. తర్వాత మెల్లగా ఒక మూర తెంపి, "గిదైతే జడకే" అని తన చేత్తోనే పెట్టాడు. అంత సంతోషం నాకు పెండ్లినాడు కూడా కలగలేదు.

పార్కులో నేను కుదురుగా ఉన్నది లేదు. నీళ్లలోకి చీరతో రానివ్వరంటే, అక్కడ అద్దెకిచ్చే నైలాన్ ప్యాంటు, షర్టు వేసుకున్నాను. అత్త చూస్తే చాట జారవిడిచేది. బావ పేరుకు మగవాడు. జెయింట్ వీల్ కింద నిలబడి, చెవి పెట్టి బేరింగుల చప్పుడు విని, "గ్రీజు మంచిగనే కొట్టిండ్రు, ఎక్కొచ్చు" అని తీర్పు చెప్పాకగానీ ఎక్కలేదు. పడవలా ఊగే దానిలో కళ్లు మూసుకుని కడ్డీని పట్టుకున్న మనిషి దిగేదాకా వదల్లేదు. నన్ను మాత్రం ఆ పడవ వాడే గుర్తుపట్టి, మళ్లీ వచ్చారా అని నవ్వాడు.

రెండో రోజుకు నా రొమ్ములు రాళ్లయ్యాయి. మల్లెలు పనిచేస్తాయి, కానీ చెప్పగానే చేయవు. పిల్లల రైలు దగ్గర ఎవరిదో బిడ్డ అమ్మా అని ఏడిస్తే నాకు చేపు వచ్చి జాకెట్టు తడిసింది. కొంగు నిండా కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాను. బావ చూశాడు. చాయ్ తెస్తానని లేచి పోయాడు.

ఎంతకూ రాకపోతే వెతుక్కుంటూ పోయాను. గేటు బయట ఫోన్ డబ్బా దగ్గర వరుసలో నిలబడి ఉన్నాడు. మా ఊరి కిరాణా దుకాణానికి ఫోను చేస్తే అత్తను పిలుస్తారు. చంకలో చిన్నది ఉంటుంది. చెయ్యి పట్టుకుని బయటికి లాగాను.

"ఒక్కమాట అడిగి పెట్టేస్త" అన్నాడు. "బిడ్డ ఎట్లున్నదో ఏమో. ఇగ పోదాం పా. పరేషాన్ అయితాంది నాకు."

"ఫోన్ల దాని ఏడుపు వినవడితే నువ్వు ఆగుతవా?"

"నువ్వు గట్టిదానివే" అన్నాడు. మెచ్చుకున్నాడో, తిట్టాడో.

"నేను గట్టిదాన్ని కాబట్టి వద్దంటలేను బావా. దాని గొంతు వింటే ఇక్కడికెల్లి నడుసుకుంటనన్న పోత. పోయి పాలిస్త. అందుకే వద్దంటున్న" అన్నాను.

ఆయన మళ్లీ ఫోను మాట ఎత్తలేదు. పొద్దు వాలేదాకా ఇద్దరం నీడలో కూర్చుని మిర్చి బజ్జీలు తిన్నాం. తను లేత్ పని నేర్చుకున్న రోజుల సంగతులు చెప్పాడు. ఒకే ఇంట్లో ఉంటూ అవేవీ నాకు తెలియవు.

మేం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. చిన్నది అవ్వ పక్కన అరుగు మీద ఉంది. నన్ను చూసి ఉరికొచ్చింది. ఒళ్లోకి ఎక్కింది. అలవాటుగా దాని చెయ్యి కొంగు మీదికి పోయింది. కొంగు తొలగించి చూసింది. లోపల మల్లెలు జారకుండా గట్టిగా చుట్టిన గుడ్డ కనిపించింది. అంతే, చెయ్యి తీసేసింది. కొంగు మళ్లీ నిండా కప్పి, నలగకుండా సర్దింది.

"నీకు పుండైందట గదా" అంది. "అవ్వ జెప్పింది. దవాఖానకు వోయినవట. నొస్తాందా?"

అత్త వైపు చూశాను. ఆమె తల పక్కకు తిప్పుకుంది. లేదు బిడ్డా, పుండూ లేదు ఏమీ లేదు, రా తాగు అనడానికి నాకు ఒక్క క్షణం చాలు. రెండు రోజులుగా నా ఒళ్లంతా ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

"నొస్తాంది బిడ్డా" అన్నాను.

అది నా కొంగు మీద నోరు పెట్టి ఉఫ్ అని ఊదింది, దాని మోకాలికి దెబ్బ తగిలితే నేను ఊదినట్టు. "తగ్గినంక గూడ నాకొద్దమ్మా. మల్ల పుండైతది" అంది. అన్నట్టే మళ్లీ ఎన్నడూ అడగలేదు.

రెండు రోజులు బావకు కనబడకుండా దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. నొప్పికి ఏడుస్తున్నాననుకుని అది మళ్లీ ఊదింది.