బావగారి ఊపిరి

బేబీరాణికి కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కాఫీపొడి డబ్బా కదిలిన చప్పుడు చాలు.

అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో తెలుగు జాలరోళ్ళ ఇళ్ళల్లో ఎవరి వేలు తెగినా ముందు ఆ డబ్బా మూతే ఊడుతుంది. చెయ్యి కాలితే టూత్‌పేస్టు. ఫిట్సొస్తే గుప్పిట్లో తాళాలగుత్తి. గొంతులో చేపముల్లు దిగితే అన్నం ముద్ద మింగించడం. "ఈ ఇంట్లో కాఫీ తాగేది తక్కువ, గాయాల్లో కూరేది ఎక్కువ!" అని బేబీరాణి అరుస్తుంది. అత్త కాళమ్మకి చీమ కుట్టినట్టయినా ఉండదు. "మా తాత సిక్కోలు నుంచి ఓడెక్కి ఇక్కడికొచ్చిన కాణ్ణుంచీ ఇదే మందు. ఎవలైనా సచ్చిపోనారేటి?" అంటుంది. సచ్చిపోయినోళ్ళు వచ్చి చెప్పరు కదా అని కోడలు పళ్ళు నూరుకుంటూ కట్టుగుడ్డ ఉడకబెడుతుంది.

ఆడవాళ్ళ సంఘం నుంచి ఒకర్ని ప్రథమ చికిత్స నేర్చుకోడానికి పంపమన్నారు. హిందీ గడగడా మాట్లాడుతుందని ఈమెని పట్నంలోని అబర్డీన్ బజార్‌కి తోలారు. ఫోటోలో సంఘం పేరు పడితే చాలని వాళ్ళనుకున్నారు. ఈ మహాతల్లి నిజంగానే నేర్చుకుని వచ్చింది! అక్కడొచ్చింది తంటా అంతా.

ప్రతి ఆదివారం సాయంత్రం అరుగు మీద తలగడకి మొగుడి పాత టీషర్టు తొడిగి, దాన్నే మనిషనుకోమని నేర్పేది. మొగుడు చక్రి డిగ్లీపూర్ వెళ్ళే ఓడలో పనిచేస్తాడు, ఇంట్లో ఉండేదే తక్కువ. జనం పకోడీల కోసం వచ్చేవారు. "చక్రి లేకపోతే తలగడతో కాపరమా దీదీ?" అని పక్కింటి మల్లేశు వెక్కిరించేవాడు. అయినా ఆమె విసుక్కుంటూనే చెప్పేది: "నీళ్ళలో మునిగినోణ్ణి తలకిందులుగా వేలాడదియ్యకండి. భుజానేసుకుని గిరగిరా తిప్పకండి, పొట్ట నొక్కకండి. ఊపిరి ఆగిపోయిందంటే పనికొచ్చేది నీళ్ళు కక్కించడం కాదు, ఊపిరి ఊదడం. బస్!" అందరూ తలాడించేవారు. తలాడించడానికేం, గంగిరెద్దూ ఆడిస్తుంది.

ఆదివారాలు ఆ అరుగు తొక్కనివాడు ఒక్క పెద్దబ్బాయే. చక్రికి అన్న, ఆమెకి బావగారు. ఉండేది వేరే గదిలో, భోజనం మాత్రం వీళ్ళింట్లోనే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమె ఆయన మొహంలోకి చూసి మాట్లాడలేదు, ఆయనెదురుగా కూర్చోలేదు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఆయన భోంచేస్తున్నా, "అత్తా, బావగారికి పులుసు కావాలేమో అడగండి" అనాలి. ఆయనా విస్తట్లోకి చూస్తూ, "అమ్మా, చాలని చెప్పు" అనాలి. కాళమ్మ మధ్యలో కూర్చుని, ఇద్దరికీ వినబడిన మాటే మళ్ళీ వినిపించాలి. ఫోన్‌లో అండమాన్ అంతా చుట్టబెట్టే పిల్లకి ఇదేం గోలని మీరడగొచ్చు. ఆమే అడిగేది, రోజూ, అంట్లు తోముకుంటూ.

ఒక పొద్దున్న అత్తాకోడళ్ళు అమ్మకానికి చేపలు తెచ్చుకుందామని రేవుకి వెళ్ళారు. పెద్దబ్బాయి పడవ నిలిపి లంగరు విసిరాడు. తాడు మడతలో కాలు పడింది. లంగరుతో పాటు మనిషీ బుడుంగున నీళ్ళలోకి పోయాడు. చేపలా ఈదేవాడు, తాడు వదలందే ఏం చేస్తాడు! మల్లేశూ ఇంకొకడూ దూకి, తాడు కోసి, ఒడ్డుకి లాక్కొచ్చారు.

ఒడ్డుకొచ్చాక మల్లేశు ఏం చేశాడు? ఆదివారాలన్నీ పకోడీలు మెక్కిన ఆ మల్లేశు, పెద్దబ్బాయిని తలకిందులుగా భుజానేసుకుని ఇసకలో పరుగు లంకించుకున్నాడు. వెనకాల ఇద్దరు వీపు మీద బాదుతున్నారు.

"ఒరేయ్ మల్లేశూ! దించు! గోడకి చెప్పానా ఇన్నాళ్ళూ?"

"నీళ్ళు కక్కాల దీదీ!"

"నీ నీళ్ళు తగలెయ్య! దించు, జల్దీ!"

దించాడు. పెద్దబ్బాయి ఛాతీ కదలడం లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. "ఊదు, నేను చెప్తాను" అంది మల్లేశుతో. వాడు రెండడుగులు వెనక్కేశాడు. "నాకు రాదు దీదీ." మిగతావాళ్ళు సముద్రం కేసి చూశారు. ఆమె మోకాలు వంచబోతే కాళమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"ఓలమ్మా, బావగారే! తాకకూడదే!"

బేబీరాణి ఒక్క క్షణం ఆగింది. అత్త చేతిలో చీర, ఎదురుగా అత్త కొడుకు. అలా ఆగినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"మీ ఆచారం మండిపోనూ! మీ కొడుకు పోతున్నాడత్తా!"

చీర లాక్కుని కూలబడింది. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఛాతీ లేచింది. మరి నాలుగుసార్లు ఊదింది. రొమ్ము మధ్యన అరచెయ్యి ఆనించి, రెండోది పైన వేసి, గట్టిగా, తొందరగా నొక్కడం మొదలెట్టింది. ముప్పై నొక్కులు, రెండు ఊదుళ్ళు, మళ్ళీ ముప్పై. "గుడ్లప్పగించి చూస్తారేం, ఆంబులెన్సుకి ఫోన్ కొట్టండి!" అని మధ్యలో తిట్టింది. చేతులు లాగేస్తున్నాయి. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"పీల్చరా! ఓరి పెద్దబ్బాయీ, ఊపిరి పీల్చరా! లేవరా!"

రేవంతా విన్నది. కాసేపటికి పెద్దబ్బాయి దగ్గాడు, ఉప్పునీళ్ళు కక్కాడు. పక్కకి ఒత్తిగిలించి పట్టుకుంది. కళ్ళు తెరిచాడు కదా, ఇంటికి పోదామన్నాడొక తెలివైనవాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయుంటే తర్వాత ముంచుతాయని వాణ్ణి కసిరి, ఆస్పత్రికి పంపింది.

బావగారు బాగై ఇంటికొచ్చారు. అయితే ఊళ్ళో ఎవరైనా, 'ఆహా, ప్రాణం నిలబెట్టింది' అన్నారా? రామ రామ! "పేరెట్టి పిలిచిందట. 'రా' అందట. నోట్లో నోరు కూడానట." మల్లేశు టీకొట్లో అదంతా చేసి మరీ చూపిస్తున్నాడట. కాళమ్మ తలకి పోసుకుని గంగమ్మకి కొబ్బరికాయ కొట్టమంది.

"ప్రాణం పోసినందుకు తప్పు కట్టాలా? హద్ హోగయీ అత్తా, మరీ ఇంతా!"

చక్రి ఓడ మీంచి ఫోన్ చేసి, "పోనీ ఒక కాయ కొట్టెయ్యవే, గొడవ వదిలిపోద్ది" అన్నాడు. ఫోన్ పెట్టేసింది. అదంతా దులిపేసుకుంది గానీ, పెద్దబ్బాయి వీళ్ళింటికి భోజనానికి రావడం మానేశాడు. కాళమ్మే ఆయన గదికి కేరేజీ మోసుకుపోతోంది. అది మాత్రం ఆమెకి గుచ్చుకుంది. బతికించిన మనిషే మొహం చాటేస్తే ఇంకెవడు నేర్చుకుంటాడు? రేపు ఇంకొకణ్ణి ఇలాగే భుజానేసుకుని ఊరేగిస్తారు. తలుచుకుంటే ఏడుపొచ్చింది.

ఆదివారం పకోడీలు వెయ్యలేదు. తలగడ మాత్రం అరుగు మీద పడేసింది. ఎవరూ రాకపోతే దీన్ని సముద్రంలో పారేస్తానని పంతం పట్టింది. మల్లేశూ, మరో ఇద్దరూ వేడుక చూడ్డానికొచ్చి గోడకి చేరబడ్డారు. వాళ్ళ వెనకాలే పెద్దబ్బాయి వచ్చాడు. బేబీరాణి గబుక్కున లేచి కొంగు సర్దుకుంది.

"అమ్మా, చెప్పు," అన్నాడాయన గడపలో కూర్చున్న కాళమ్మతో, నేల కేసి చూస్తూ. "ఆ రోజు నాకు మరేటీ తెలవలేదు. ఎవలో నన్ను 'రా' అన్నారు. నన్ను 'రా' అన్నదెవలా అని ఒళ్ళు మండింది. ఆ మంటతోటే కళ్ళిప్పినాను. నా పడవలో ఇంకా మనుషులున్నారు. ఆళ్ళు ములిగితే నీ కోడలు సముద్రంలోకి రాదు కదా. నాకు నేర్పమను."

మల్లేశు నవ్వు సగంలో ఆగిపోయింది.

బేబీరాణి గొంతు సవరించుకుంది. "అత్తా, బావగారిని మోకాళ్ళ మీద కూర్చోమనండి. రొమ్ము మధ్యన అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కమనండి."

"గట్టిగా నొక్కమంటంది. మరీ గట్టిగా వద్దులే నాయినా, మొన్ననే ఆస్పత్రి నుంచొచ్చినావు."

పెద్దబ్బాయి రొట్టెల పిండి పిసికినట్టు తలగడని పిసికాడు.

"అత్తా, మోచేతులు వంచొద్దనండి."

"వంచొద్దంటంది. అయినా నీకెలాగ సుఖంగా ఉంటే అలాగే నొక్కు నాయినా."

ఆయన ఇంకా వంచాడు. ఆ తలగడే మనిషైతే ఈపాటికి పోయుండేవాడు. బేబీరాణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మోచేతులు వంచకురా!"

కాళమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకుంది. బేబీరాణి నాలిక్కరుచుకుని గోడ వైపు తిరిగింది.

పెద్దబ్బాయి మోచేతులు తిన్నగా చాపాడు. తలెత్తి, వాళ్ళమ్మని దాటి, మొట్టమొదటిసారి ఆమెనే అడిగాడు.

"ఇలాగేనా అమ్మాయ్?"